తిరుపతి ఎంపీ సీటు: 7 అసెంబ్లీలూ కూటమివే.. అయినా గట్టెక్కిన గురుమూర్తి! లెక్క ఇదీ..

వెంకటాచలం మండలం ఉన్నది నెల్లూరు జిల్లాలో. అసెంబ్లీకి వస్తే సర్వేపల్లి నియోజకవర్గం. కానీ ఇక్కడి ఓటర్లకు ఎంపీ మాత్రం తిరుపతి ఎంపీనే. 2024లో ఆ ఎంపీ సీటు కోసం జరిగిన పోరు చివరి దాకా టెన్షన్ పెట్టింది.

సీటు పరిధి ఇదీ..
సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు.. ఈ 7 సెగ్మెంట్లు కలిస్తే తిరుపతి లోక్‌సభ స్థానం. ఇది ఎస్సీ రిజర్వుడ్.

సిట్టింగ్ ఎంపీ ఎవరు?
2019లో వైసీపీ నుంచి గెలిచిన బల్లి దుర్గాప్రసాద్ రావు 2020 సెప్టెంబర్‌లో కన్నుమూశారు. 2021 ఏప్రిల్ 17న ఉప ఎన్నిక జరిగింది. వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్ట్ అయిన మద్దిల గురుమూర్తిని వైసీపీ బరిలోకి దింపింది. టీడీపీ అభ్యర్థి పనబాక లక్ష్మిపై ఆయన 2,71,592 ఓట్ల మెజార్టీతో గెలిచి తొలిసారి ఎంపీ అయ్యారు.

పోటీకి దిగింది మాజీ ఎంపీనే!
2024లో టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి ఈ సీటును బీజేపీకి ఇచ్చింది. అభ్యర్థి మాజీ ఐఏఎస్ వెలగపల్లి వరప్రసాద్ రావు. ఈయన 2014లో ఇదే తిరుపతి నుంచి వైసీపీ ఎంపీగా, 2019లో గూడూరు ఎమ్మెల్యేగా గెలిచారు. 2024లో వైసీపీ టికెట్ రాకపోవడంతో బీజేపీలో చేరారు.

ఎవరికి ఎన్ని ఓట్లు?
గురుమూర్తి: 6,32,228
వరప్రసాద్ రావు: 6,17,659
మెజార్టీ: 14,569

ఉప ఎన్నికలో గురుమూర్తికి పడ్డవి 6,26,108 ఓట్లు. అంటే ఆయన ఓట్లు తగ్గలేదు, కొంచెం పెరిగాయి కూడా. పెరిగింది అవతలి పక్షం బలం. 2021లో టీడీపీ, బీజేపీ వేర్వేరుగా పోటీ చేశాయి. ఆ రెండింటి ఓట్లు కలిపినా 4,11,596 మాత్రమే. పైగా ఉప ఎన్నికలో పోలింగ్ కూడా తక్కువే.

అసలు ట్విస్ట్ ఇక్కడే..
అదే రోజు అసెంబ్లీకి జరిగిన ఓటింగ్‌లో 7 సెగ్మెంట్లనూ కూటమి ఊడ్చేసింది. ఒక్క సర్వేపల్లిలోనే కాకాణి గోవర్ధన్ రెడ్డిపై సోమిరెడ్డి చంద్రమోహన్ రెడ్డికి 16,288 మెజార్టీ వచ్చింది. మొత్తం 7 చోట్లా కలిపి ఎంపీకి వచ్చిన మెజార్టీ కంటే ఇదే ఎక్కువ! అంటే ఎమ్మెల్యేకు కూటమి బటన్ నొక్కిన వాళ్లలో కొందరు ఎంపీ దగ్గరకొచ్చేసరికి మనసు మార్చుకున్నారన్నమాట.

గుర్తుల్లోనూ తేడా ఉంది. ఎమ్మెల్యేకు 6 చోట్ల సైకిల్, తిరుపతిలో గాజు గ్లాసు. ఎంపీకి మాత్రం అన్ని చోట్లా కమలమే.

రాష్ట్రంలోని 25 ఎంపీ సీట్లలో వైసీపీకి దక్కినవి నాలుగే. కడప, రాజంపేట, అరకుతో పాటు నాలుగోది తిరుపతి. ఈ ఇద్దరికే పన్నెండు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. అందులో 7,285 మంది అటు నుంచి ఇటు మారి ఉంటే ఫలితమే తారుమారయ్యేది.