పాలస్తీన ఓటింగుల మన దేశం ఎటుదిక్కు?

గాజా మీద ఐక్యరాజ్యసమితిల ఓటింగ్ అయితే మన టీవీలు ఒక్కటే మాట తిప్పుతయి: 'ఓటింగ్‌కు భారత్ దూరం'. కొందరైతే 'గైర్హాజర్' అనే రాస్తరు. గది తప్పు. మన ప్రతినిధి ఆ హాల్లనే కూసుంటడు. ముందట మూడు బటన్లుంటయి. ఆకుపచ్చ అంటే అవును, ఎరుపు అంటే కాదు, పసుపు అంటే ఎటూ కాదు. మనోళ్లు పసుపు ఒత్తుతరు. అంటే ఢిల్లీల కూసొని ఆలోచించి చెప్పిన మాటే అది.

మొదట్ల మనం గిట్ల లేము. 1947 నవంబర్ 29న పాలస్తీనను రెండు ముక్కలు చేసే తీర్మానం వస్తే, స్వతంత్రం వచ్చి నాలుగు నెలలు గూడ నిండని దేశం 'వద్దు' అన్నది. 33 దేశాలు అవునంటే 13 కాదన్నయి, ఆ 13ల మనమున్నం. 1950ల ఇజ్రాయెల్‌ను గుర్తించినా ఎంబసీ మాత్రం పెట్టుకోలే. 1974ల పీఎల్‌ఓను గుర్తించిన తొలి అరబ్బేతర దేశం మనదే. 1988ల పాలస్తీనను దేశంగ ఒప్పుకున్నం.

మలుపు తిప్పింది మన వంగర పీవీ నరసింహారావు. సోవియట్ కూలింది, మాడ్రిడ్‌ల పాలస్తీనోళ్లే ఇజ్రాయెల్‌తోని చర్చలకు కూసున్నరు. అది చూసుకొని 1992 జనవరిల ఇజ్రాయెల్‌తోని పూర్తి దౌత్య సంబంధం పెట్టుకున్నడు. అట్లని పాలస్తీనను ఇడ్సిపెట్టలే. 1996ల గాజాలనే మన ఆఫీసు తెరిచినం.

ఇప్పటి లెక్క సూడున్రి. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిల దగ్గరదగ్గర 1,200 మంది చచ్చిపోయిన్రు. అదే నెల 27న యుద్ధం ఆపాలనే తీర్మానం వస్తే మనది పసుపు. హమాస్ పేరు లేదని కారణం చెప్పిన్రు. సరే, అందుల కొంత న్యాయం ఉన్నదనుకుందాం. డిసెంబర్‌ల అసొంటి తీర్మానమే వస్తే, అందుల గూడ హమాస్ పేరు లేకున్నా, ఆకుపచ్చ ఒత్తిన్రు. 2024 డిసెంబర్‌ల, షరతుల్లేకుంట కాల్పులు ఆపాలంటే మళ్ల ఆకుపచ్చే. ఆర్నెల్లకు, 2025 జూన్ 12న, అదే డిమాండ్ వస్తే పసుపు! బందీలను ఇడ్సిపెట్టాలని గూడ అందుల ఉన్నది. 149 దేశాలు అవునన్నయి, 12 కాదన్నయి, 19 ఎటూ అనలే. అప్పటికి గాజా ఆరోగ్య శాఖ లెక్కల మృతులు 55 వేలు దాటిన్రు. చర్చలతోనే పరిష్కారం అని మన ప్రతినిధి చెప్పిండు. కాల్పులు ఆగకుంట చర్చలెట్లయితయో నాకైతే సమజ్ కాలే. మూడు నెలలకు, సెప్టెంబర్‌ల రెండు దేశాల పరిష్కారం మీద ఓటింగ్ అయితే తిరిగి ఆకుపచ్చ.

దీంతోని మనకేం పని అని మీటింగులల్ల పోరగాళ్లు అడుగుతరు. పనున్నది. హైదరాబాద్‌ల అదానీ, ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్ కలిసి 2018ల డ్రోన్ల కార్ఖానా తెరిచినయి. యుద్ధం నడుస్తుండంగనే 2024ల తెలంగాణ పోరగాళ్లను గూడ అక్కడి కట్టడం పనులకు ఎంపిక చేసిన్రు. ఆయుధాలు, కొలువులు, దోస్తానా అన్ని లెక్కలుంటయి, కాదంటలే. ఆ లెక్కేందో పార్లమెంట్‌ల నిలబడి చెప్పమంటున్న.

నా మాట నమ్మకున్రి. ఐక్యరాజ్యసమితి డిజిటల్ లైబ్రరీల ప్రతి ఓటింగ్ రికార్డు ఫోన్లనే పైస లేకుంట దొరుకుతది. ఇండియా పేరు పక్కన 'వై' ఉంటే అవును, 'ఎన్' ఉంటే కాదు, 'ఏ' ఉంటే పసుపు. ఏ అక్షరం లేకుంటేనే ఓటెయ్యలేదని లెక్క.