అసెంబ్లీ పాయింట్ కడ హాజరుపట్టీ

వరంగల్ త్రోవన హైదరాబాదు నగరమునకు తూర్పువాకిలియైన ఉప్పల్, దాని యుత్తరమున నున్న నాచారం, మల్లాపూర్ ఒకప్పుడు చెరువునీటితో పండిన పల్లెలు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆ పొలములలో మందుల కర్మాగారములు, రసాయనశాలలు, యంత్రశాలలు వెలసి, ఊరివారు పొద్దును షిఫ్టు సైరనుతో లెక్కింపసాగిరి. ఆ సైరనే వేళగాని వేళ మ్రోగినచో ఏమి చేయవలెనను విద్యకు ఈ వాడలో ఒక చరిత్ర కలదు. ఆ విద్యనే జీవనాధారముగా జేసికొని ఆలుబిడ్డలతో గల్ఫ్ దేశములకు తరలినవారి కథ దానిలోని భాగమే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము తిరుగు చక్రములకు కంచె వేయుమన్నది, మంటలు లేచినపుడు బయటపడుటకు దారి యుంచుమన్నది. కాని ప్రహరీ దాటిపోవు విషవాయువును గూర్చి అంతగా తలపలేదు. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలులో మిథైల్ ఐసోసయనేట్ వెలువడి వేలమంది ప్రాణములను గొన్న పిదపగాని, అనగా 1987లోగాని, ప్రమాదకర ప్రక్రియలను గూర్చిన క్రొత్త అధ్యాయము దానికి చేరలేదు. యజమాని అత్యవసర ప్రణాళికను వ్రాసియుంచవలెననియు, ప్రమాదవేళ పాటింపవలసిన జాగ్రత్తలను కార్మికులకే గాక చుట్టుపట్ల నివసించు ప్రజలకును తెలుపవలెననియు, ఆసన్నాపాయమును గూర్చి హెచ్చరించు హక్కు కార్మికునకు కలదనియు ఆ అధ్యాయము శాసించినది. 1989 నాటి నియమావళి, తదుపరి సవరణతో, అపాయకర రసాయనములను భారీగా నిలువయుంచు కర్మాగారములకు ఆరునెలల కొకమారు మాక్ డ్రిల్లును విధించినది.

సైరను మ్రోగగనే రియాక్టరు కడ నున్నవాడు వాల్వు మూసి, కప్పుమీద గాలివాలు చూపు విండ్ సాక్ ఏ దిక్కున కూగుచున్నదో చూచి, గాలికి అడ్డముగా నడచి, అందరును గుమికూడు తావైన అసెంబ్లీ పాయింట్ చేరును. అచ్చట సూపర్‌వైజరు హాజరుపట్టీ తీసి పేర్లు పిలుచును. నా దృష్టిలో ఈ విద్యకంతకు ప్రాణ మా పట్టీయే. నురుగు గొట్టములు, ముఖకవచములు, స్ట్రెచర్లు ధనమున్న లభించును. లోపల ఎవరున్నారో తెలియనిచో రక్షణదళము ఎవరికొరకు పొగలోనికి పోవలయును? నిన్నటి సాయంకాలము కాంట్రాక్టరు వెంట వచ్చిన ఒడిశా కూలీ పేరు ఆ పట్టీ కెక్కకున్న, అతడు లోపల మిగిలిపోయిన సంగతి ప్రక్కవానికి తప్ప నెవరికిని తెలియదు.

ఇట్లే ఒక సంగతి అందకపోవుటచే 1988 జులై 6న ఉత్తరసముద్రమున పైపర్ ఆల్ఫా చమురువేదిక దగ్ధమై 167 మంది మరణించిరి. మరమ్మతునకై సేఫ్టీ వాల్వు తీసియుంచిన పంపును, ఆ సంగతి తరువాతి షిఫ్టువారి కందక, మరల నడిపించుటయే దానికి మూలము. అటుపిమ్మట చమురు పరిశ్రమయందు పనికి ముందే లిఖితానుమతి కోరు పర్మిట్ పద్ధతి కఠినమైనది. దానిని నడుపగల సేఫ్టీ ఆఫీసర్లకు గల్ఫ్ దేశములలో గిరాకి పెరిగి, హైదరాబాదులో నెబోష్ అను భద్రతాపరీక్షకు శిక్షణ నిచ్చు సంస్థలు వెలసినవి. నాచారం షెడ్లలో విండ్ సాక్ చూచుట నేర్చినవాడు గల్ఫులోని జుబైలునకో రువైసునకో పోయి, ఏ వేళ పిలుపు వచ్చునోయని దిండుప్రక్కన ఫోను పెట్టుకొని నిద్రించు గృహస్థగును. ఎమిరేట్లలో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12.30 నుండి 3 గంటల దాక ఎండపని నిషిద్ధము. దానిని పాటింపజేయుటయు అతని విధియే. పని నాపించు అధికారము కాగితముపై అతనిదే. కాని భార్య వీసాయు, పిల్లల బడియు, అద్దెయిల్లును అతని యుద్యోగమునకే ముడివడియుండగా, గడువు తరుముకొని వచ్చు వేళ ‘ఆపుడు’ అని పలుకుటకు ఎంత గుండెదిటవు కావలయునో స్వదేశమున నున్నవారికి సులభముగా తోచదు. అట్టివారిని నేను వీరులనియే యెంతును.

ఇక స్వదేశమున చూడగా, 2020 మే 7 వేకువన విశాఖపట్టణమున ఒక కర్మాగారమునుండి వెలువడిన స్టైరీన్ ఆవిరి నిద్రించు ఇండ్లపైకి ప్రాకినపుడు ఆ కర్మాగారపు సైరను మ్రోగలేదని విచారణసంఘము తేల్చినది. 2025 జూన్ 30న హైదరాబాదు చెంతనున్న పాశమైలారములో ఔషధ కర్మాగారము ప్రేలి నలుబదిమందికి పైగా మరణింపగా, కొందరి దేహములను డి.ఎన్.ఏ. పరీక్షచే గుర్తింపవలసి వచ్చెను. తమవారి జాడకై కుటుంబములు దినముల తరబడి వేచియుండెను.

నాచారం, మల్లాపూర్లలో నేడు కర్మాగారముల సమీపముననే కాలనీలును అపార్టుమెంట్లును పెరిగినవి. కాంట్రాక్టు కూలీ పేరు గేటు కడనే పట్టీ కెక్కవలెను. డ్రిల్లు నాడు గోడ వెలుపలి యిండ్లవారిని గూడ పిలిచి గాలి దిక్కు చూచుట నేర్పవలెను. గల్ఫులో ఆ పనియే చేసి తిరిగివచ్చినవారు ఆ కాలనీలలో ఉండనే యుందురు. అడిగినచో వారు కాదనరు.