హైపో కథ

ఫొటోగ్రఫీ చరిత్రలో బొమ్మను పట్టడంకంటె, పట్టిన బొమ్మను నిలపడమే ఎక్కువ కాలం వేధించిన సమస్య. 1802 లోనే ఇంగ్లండులో థామస్ వెడ్జ్‌వుడ్, హంఫ్రీ డేవీ అనే ఇద్దరు వెండి నైట్రేటు పూసిన కాగితంమీద, తెల్లని తోలుమీద ఆకుల నీడలు పట్టారు. కాని వెలుగు సోకని వెండి లవణం కాగితంలోనే మిగిలిపోయింది. చూద్దామని వెలుగులోకి తెస్తే అదికూడ నల్లబడి బొమ్మంతా మసి అయ్యేది. అందుచేత ఆ బొమ్మలను చీకటిలో దాచి, మసక వెలుతురులో మాత్రమే చూడవలసి వచ్చేది.

దీనికి విరుగుడు ఫొటోగ్రఫీకంటె ముందే పుట్టడం వింత. 1819 లో జాన్ హెర్షెల్, నీటిలో కరగని వెండి క్లోరైడు ‘సోడా హైపోసల్ఫైటు’ ద్రావణంలో సులభంగా కరుగుతుందని ప్రకటించాడు. ఈయన యురేనస్ గ్రహాన్ని కనుగొన్న విలియం హెర్షెల్ కుమారుడు. ఆ సంగతితో ఇరవై ఏండ్లపాటు బొమ్మల కెవరికీ పని పడలేదు. 1839 జనవరిలో పారిస్‌లో డాగేర్ బొమ్మలు పట్టాడన్న వార్త వినగానే హెర్షెల్ తన పాత లవణాన్ని తీసి, ఆ నెలాఖరులోనే దానితో బొమ్మను నిలిపి చూశాడు. అంతవరకు గాఢమైన ఉప్పునీటితో తంటాలు పడుతున్న టాల్బట్‌కు ఫిబ్రవరి 1 న ఈ కిటుకు చెప్పాడు.

‘హైపో’ అనే పొట్టి పేరు ఆ పాత పేరునుండి వచ్చినదే. అది సోడియం థయోసల్ఫేటు అని తరువాత తేలినా వాడుక మారలేదు. మన కాలేజి ప్రయోగశాలలో అయొడీన్ టైట్రేషనుకు వాడే లవణం ఇదే.

పదిహేనేండ్లు గడిచేసరికి కాగితపు బొమ్మలు పసుపుబారి వెలిసిపోసాగాయి. 1855 లో లండన్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ కారణం తేల్చడానికి ఒక సంఘాన్ని వేసింది. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ ఇందుకు 50 పౌనులిచ్చాడు. ముఖ్యదోషి హైపోయే అని సంఘం తేల్చింది! సరిగా కడగక కాగితంలో మిగిలిన హైపోలోని గంధకం, బొమ్మలోని వెండిని క్రమంగా వెండి సల్ఫైడుగా మార్చుచున్నది.

ఇంటివద్ద ఫిలిం కడిగేవారికి నేటికీ ఎదురయ్యే చిక్కులు ఈ రెండే. డెవలపరు తాకని వెండి బ్రోమైడుతో హైపో కలిసి, నీటిలో కరిగే సంయుక్తలవణ మేర్పడుతుంది. హైపో నీరసించినా, వ్యవధి చాలకపోయినా బ్రోమైడు కొంత మిగిలి, ఫిలిం పాలు పోసినట్లు తెల్లగా కనిపిస్తుంది. అంతమాత్రాన దానిని పారవేయనక్కరలేదు. తాజా హైపోలో మరల ఉంచితే తేటపడుతుంది. అంతకంటె మోసకరమైనది రెండవ చిక్కు. అలసిన హైపోలో ఏర్పడే లవణాలు అంతగా కరగక జిలాటిన్‌లో చిక్కుకొంటాయి. అప్పటికి ఫిలిం శుభ్రంగానే కనిపిస్తుంది. మచ్చలు కొన్ని ఏండ్లకు గాని బయటపడవు.

అందుచేత ముందుగానే పరీక్షించుట మంచిది. ఒక ఫిలిం ముక్కను హైపోలో వేసి, అది తేటపడేందుకు పట్టిన కాలం చూడాలి. అసలు ఫిలింను దానికి రెట్టింపు సేపు ఉంచాలి. తాజా ద్రావణంలో పట్టిన కాలానికి రెండింతలు పట్టిందంటే ఆ హైపో పని అయిపోయినట్లే. తరువాత నీరు మార్చి మార్చి కడగాలి.