బిజినెస్ ల్యాప్‌టాపా, ఇంటి ల్యాప్‌టాపా? ఆ పేర్ల వెనక ముప్పై ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు నుంచి చూస్తున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం. మిగతావాళ్లు కూడా వినండి, పనికొస్తుంది.

ఇంజనీరింగ్‌లోనో డిగ్రీలోనో చేరగానే మన పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, షోరూమ్‌లో కొత్తది తీసుకోవాలా, లేక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అదే సీటీసీలో, సెకండ్‌హ్యాండ్ బిజినెస్ ల్యాప్‌టాప్ తీసుకోవాలా?" అడిగేవాళ్ల చేతిలో ఉన్న డబ్బు ఎక్కడిదో నాకు తెలుసు. మిరపకాయలు అమ్మితే వచ్చింది, లేదంటే అమ్మ డ్వాక్రా గ్రూపులో తీసుకున్న లోను. నాలుగేళ్ల చదువుకి కొనేది ఒక్కసారే. అది మధ్యలో చెడిపోతే ఇంకోటి కొనే స్తోమత ఉండదు. అందుకే ఈ రెండు పేర్లు ఎట్లా పుట్టాయో ముందు తెలుసుకుందాం.

మన ఊరి రాయితోనే మొదలుపెడతాను. మార్కాపురం పలక తెలుసు కదా. పలుచగా చీల్చి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే బడి పలక. అదే రాయిని ముక్కలుగా కోసి అమ్మితే గోడలకి, నేలకి వేసుకునే డిజైన్ రాయి. బడి పలక కొనేవాళ్లు బలపం గీత పడుతుందా, తుడిస్తే పోతుందా, కింద పడితే తట్టుకుంటుందా అని చూస్తారు. గోడకి కొనేవాళ్లు రంగు చూస్తారు. రాయి ఒకటే. కొనేవాడు మారాడు కాబట్టి సరుకు మారింది. ల్యాప్‌టాప్ కథ కూడా అచ్చం ఇదే.

1992కి వెళ్దాం. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఐబీఎం కంపెనీ థింక్‌ప్యాడ్ అనే పేరుతో మొదటి యంత్రాన్ని చూపించింది. దానికి కీబోర్డ్ లేదు. పెన్నుతో తెర మీద రాయాలి. అంటే మొదటి థింక్‌ప్యాడ్ ఒక రకంగా పలకే అన్నమాట! మనందరికీ తెలిసిన నల్ల రంగు డబ్బా, మధ్యలో ఎర్ర బొడిపె ఉన్న 700సీ, అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చింది. 10.4 అంగుళాల కలర్ తెర. ధర 4,350 డాలర్లు. ఆ రోజుల్లో అంత పెట్టి ఇంటికెవరు కొంటారు? కంపెనీలే కొన్నాయి.

కంపెనీలు కొనే పద్ధతి వేరు. వందల్లో కొంటాయి. వాటిని చూసుకోవడానికి ఒక ఐటీ డిపార్ట్‌మెంట్ ఉంటుంది. ఒకటి చెడిపోతే ఆ ఉద్యోగి పని ఆగుతుంది. కాబట్టి ఆ కొనుగోలుదారుకి కావలసింది మెరుపు కాదు. స్క్రూలు విప్పితే లోపలి భాగాలు సులువుగా మారాలి, కీబోర్డ్ గట్టిగా ఉండాలి, అదే మోడల్ చాలాకాలం దొరకాలి.

మరి ఇంటి సంగతి? 1993లో కాంపాక్ కంపెనీ ప్రెసారియో పేరుతో ఇళ్ల కోసం ప్రత్యేకంగా కంప్యూటర్లు తెచ్చింది. 1995లో హెచ్‌పీ పెవిలియన్ వచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీయే రెండుగా వచ్చింది, హోమ్ అని ఒకటి, ప్రొఫెషనల్ అని ఒకటి. హోమ్‌లో ఆఫీసు నెట్‌వర్క్ డొమైన్‌లో చేరే వీలు లేదు. మరుసటి ఏడాది టీవీ, పాటలు, సినిమాల కోసం మీడియా సెంటర్ ఎడిషన్ అని ఇంకోటి.

ఇంటి ల్యాప్‌టాప్‌కి అసలు వైభోగం ఆ తర్వాతే. 2006 నాటి పెవిలియన్ డీవీ6000 గుర్తున్నవాళ్లు ఉంటారు. అద్దంలా మెరిసే మూత, ఆల్టెక్ లాన్సింగ్ స్పీకర్లు, విండోస్ తెరవకుండానే డీవీడీ ఆడించే బటన్. పక్కన స్లాట్‌లో దూర్చుకునే చిన్న రిమోట్ కూడా కొన్నింటికి ఉండేది! షోరూమ్‌లో నిలబడి చూసేవాడికి ఇవే కదా కనిపించేవి. 2005లో ఐబీఎం పీసీ వ్యాపారాన్ని కొనుక్కున్న లెనోవో, 2008లో ఇళ్ల కోసం ఐడియాప్యాడ్ పెట్టింది. డెల్‌లో కూడా అంతే, అప్పట్లో ఆఫీసుకి లాటిట్యూడ్, ఇంటికి ఇన్‌స్పిరాన్ ఉండేవి.

"అయితే బిజినెస్‌దే మంచిదన్నమాట" అంటారేమో, ఆగండి. 2008లో ఎన్‌విడియా తన ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పుల్లో లోపం ఉందని ఒప్పుకుని, 150 నుంచి 200 మిలియన్ డాలర్లు పక్కన పెట్టింది. వేడెక్కి, చల్లబడి, వేడెక్కి, చిప్పు కింది అతుకులు దెబ్బతినేవి. డెల్ ప్రకటించిన జాబితాలో ఇంటి ఇన్‌స్పిరాన్ 1420 ఉంది, ఆఫీసు లాటిట్యూడ్ డీ630 కూడా ఉంది. చిప్పుకి పేరుతో పనేముంది? బిజినెస్ అనే ముద్ర చెడిపోదని హామీ ఇవ్వదు. చెడిపోతే విప్పి బాగుచేయడం సులువని మాత్రమే చెబుతుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. కంపెనీలు మూడు నాలుగేళ్లకి పాతవి తీసేసి కొత్తవి తెచ్చుకుంటాయి. ఆ పాతవే సీటీసీలో మన ముందుకొస్తున్నాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ కంపెనీకి ఇంజనీర్ ఆఫీసుకే వచ్చి బాగుచేసేవాడు. అది కంపెనీ డబ్బు కట్టి కొనుక్కున్న సర్వీసు. గడువు అయిపోయాక మెషిన్ మాత్రమే మీకొస్తుంది, ఆ ఇంజనీర్ రాడు. గిద్దలూరులో చెడిపోతే విప్పాల్సింది మీరో, మీ ఊరి మెకానిక్కో. మంచి విషయం ఏంటంటే, ఇవి విప్పడానికి వీలుగా చేసినవే. ఉదాహరణకి 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480కి రెండు బ్యాటరీలు. వెనకది ఆపకుండానే తీసి మార్చుకోవచ్చు. కరెంటు పోయే ఊళ్లో దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

సెకండ్‌హ్యాండ్ తీసుకుంటే మూడు చూడండి. ఒకటి, ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో జనరేషనో, ఆ పైదో కావాలి. విండోస్ 11 అంతకన్నా పాతవాటిని దాదాపుగా ఒప్పుకోదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. "ఐ7 చాలా చౌక" అంటే ఎన్నో జనరేషన్ అని అడగండి. రెండు, బయోస్‌లోకి వెళ్లి చూడండి. పాత కంపెనీ పాస్‌వర్డ్ అడిగితే వదిలేయండి. మూడు, తెర. ఈ రకంలో చాలావాటికి రంగులు వెలవెలబోయి ఉంటాయి.

నా మాట ఇది. కోడింగ్, టైపింగ్, ప్రాజెక్టులు, రోజూ బ్యాగులో వేసుకుని బస్సులో, రైల్లో తిరగడం, ఇదీ మీ పనైతే, విప్పగలిగే మనిషి దగ్గర్లో ఉంటే, బిజినెస్ రకం తీసుకోండి. వీడియో ఎడిటింగ్, డిజైన్ మీ దారైతే తెర, గ్రాఫిక్స్ బాగున్న కొత్త ఇంటి ల్యాప్‌టాప్‌కే వెళ్లండి. విప్పే మనిషి లేకపోయినా అదే మేలు, ఎందుకంటే వారంటీ కాగితం చేతిలో ఉంటుంది. కాకపోతే కొనేముందే సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కనుక్కోండి. ఒంగోలు దాకా తీసుకెళ్లాలంటే ఒక రోజంతా పోతుంది.

షోరూమ్ వాడు మెరుపు చూపిస్తాడు, సీటీసీ వాడు బ్రాండు చూపిస్తాడు. మీరు మాత్రం మీ పని చూసుకుని కొనండి. మీ దగ్గర ఏది ఉంది, ఎన్నేళ్లు నడిచింది, కింద రాయండి, అందరికీ పనికొస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.