వృద్ధాప్యములో గర్భఫలము: శారా నుండి గుంటూరు వరకు

ఆదికాండము 17:17 ప్రకారం వాగ్దాన సమయానికి శారాకు 90 ఏండ్లు. ఆమెకు నెలసరి ఆగిపోయిందని 18:11 తెలుపుతున్నది. లూకా 1:25లో వృద్ధురాలైన ఎలీసబెతు సంతోషించినది మనుష్యులలో తన నింద తొలగినందుకు.

1978లో ఇంగ్లండులో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు జన్మించింది. తరువాత దాత అండముతో ముట్లుడిగిన స్త్రీ సైతం గర్భము ధరించుట సాధ్యమైంది. 2019 సెప్టెంబరులో గుంటూరులో 70 ఏండ్లు దాటిన స్త్రీ కవలలను కన్నది. పిల్లలు లేనందుకు తాను పడిన నిందను ఆమె విలేకరులకు చెప్పింది. ఇట్టి చికిత్సకు స్త్రీల వయోపరిమితిని 2021 నాటి కేంద్ర చట్టం 50 ఏండ్లుగా నిర్ణయించింది.

విధానము మారింది, గొడ్రాలు అనే నింద మారలేదు. సంతానము లేని సోదరీమణులకు మేమును శారాను చూపి వాగ్దానములు పలికాము. అయితే ఇస్సాకు జననము నిబంధన చరిత్రకు చెందినది; ప్రతి గృహమునకు ఇచ్చిన హామీ కాదు. కాపరులముగా మేము ముందు తొలగించవలసినది సంఘములోని ఆ నిందనే.