సముద్రంలో కలిపేస్తామన్నారు, మళ్ళీ సంతకం పెట్టారు: ఎన్రాన్ కథ

ఒక నాయకుడు సభలో మైక్ పట్టుకుని, "ఆ కంపెనీ మన సొమ్ము దోచేస్తోంది, మేం వస్తే ఒప్పందం రద్దు చేస్తాం" అన్నాడనుకోండి. చప్పట్లు మోగుతాయి. సాయంత్రానికల్లా ఆ క్లిప్ మీ ఫోన్లో ఉంటుంది. కొందరు "భలే అడిగాడు" అంటారు. ఇంకొందరు "ఇలా తిడితే రేపు ఏ కంపెనీ వస్తుంది?" అంటారు. రెండింట్లోనూ నిజం ఉంది. మరి ప్రభుత్వంతో ఒప్పందం ఉన్న కంపెనీని నాయకులు బహిరంగంగా విమర్శించొచ్చా? ఇవాళ ఆ ప్రశ్న పట్టుకుని ముప్పై ఏళ్ళ వెనక్కి, మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాకి వెళ్దాం.

1991లో మన దేశం దగ్గర విదేశీ డాలర్లు దాదాపు అయిపోయాయి. కరెంటు కొరత వేరే. కొత్త ప్లాంట్లు కట్టడానికి ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. అందుకని విద్యుత్ రంగంలోకి ప్రైవేటు, విదేశీ కంపెనీలను ఆహ్వానించారు. 1992లో అమెరికా కంపెనీ ఎన్రాన్ బృందం ఇక్కడికి వచ్చింది. వచ్చిన కొద్ది రోజుల్లోనే, జూన్ 20న, మహారాష్ట్ర విద్యుత్ బోర్డుతో ప్రాథమిక ఒప్పందం కుదిరిపోయింది. టెండర్ లేదు. ఇంకో కంపెనీ ఎంతకిస్తుందో అడిగింది లేదు. ఇలాంటి ప్రాజెక్టులు ఎనిమిదింటిని కేంద్రం 'ఫాస్ట్ ట్రాక్' జాబితాలో పెట్టింది. మన రాజమండ్రి దగ్గర జేగురుపాడు గ్యాస్ ప్లాంటు కూడా ఆ జాబితాలోదే.

1993లో ప్రపంచ బ్యాంకు ఈ దాభోల్ ప్రాజెక్టును చూసి, ఇది లాభసాటి కాదు, అప్పు ఇవ్వలేమని చెప్పేసింది. ప్రైవేటు పెట్టుబడిని వద్దనే సంస్థ కాదు కదా అది! అయినా అదే ఏడాది డిసెంబర్‌లో అసలు ఒప్పందం మీద సంతకాలు అయిపోయాయి. అప్పుడు అక్కడ ముఖ్యమంత్రి శరద్ పవార్.

ఇంతకీ ఆ ఒప్పందంలో తిరకాసు ఏంటి? హాస్టల్ మెస్ బిల్లు తెలుసుగా. మీరు తిన్నా, తినకపోయినా నెలకి ఇంత కట్టాల్సిందే. ఇదీ అంతే. ప్లాంటు కరెంటు ఇవ్వడానికి సిద్ధంగా ఉంటే చాలు, బోర్డు వాడుకున్నా వాడుకోకపోయినా స్థిర ఛార్జీలు కట్టాలి. పైగా ఆ లెక్కలో పెద్ద భాగం డాలర్లతో ముడిపడి ఉంది. రూపాయి పడిపోతే బిల్లు దానంతటదే పెరుగుతుంది. బోర్డు కట్టలేకపోతే రాష్ట్రం కట్టాలి, రాష్ట్రం కట్టలేకపోతే మొదటి దశ వరకు కేంద్రం కట్టాలి. దాన్నే కౌంటర్ గ్యారంటీ అంటారు. అంటే నష్టం వస్తే చివరికి జనం నెత్తిమీదకే.

1995 మహారాష్ట్ర ఎన్నికలు వచ్చాయి. బీజేపీ నాయకుడు గోపీనాథ్ ముండే ఊరూరా తిరిగి, ఎన్రాన్‌ని అరేబియా సముద్రంలో కలిపేస్తామన్నారు. శివసేన, బీజేపీ కూటమి గెలిచింది. మనోహర్ జోషి ముఖ్యమంత్రి, ముండే ఉప ముఖ్యమంత్రి అయ్యారు. మామూలుగా గెలిచాక మాట మర్చిపోతారు కదా, వీళ్ళు మర్చిపోలేదు. ముండే అధ్యక్షతన కమిటీ వేశారు. టెండర్ లేదు, ఖర్చు ఎక్కువ చూపించారు, పారదర్శకత లేదు అని కమిటీ తేల్చింది. ఆగస్టు 3న ప్రాజెక్టు రద్దు. అంతటితో ఆగలేదు. ఈ ఒప్పందం మోసంతో, లంచాలతో వచ్చిందని ఆరోపిస్తూ రాష్ట్ర ప్రభుత్వమే బాంబే హైకోర్టులో కేసు వేసింది. ఎన్రాన్ కూడా ఊరుకోకుండా లండన్‌లో మధ్యవర్తిత్వానికి వెళ్ళింది.

ఇక్కడిదాకా చూస్తే ముండే చేసింది తప్పనిపిస్తుందా? నాకైతే అనిపించదు. ఆయన అడిగిన ప్రశ్నలు జనం అడగాల్సినవే. మూసిన గదిలో కుదిరిన ఒప్పందాన్ని వీధిలోకి తెచ్చారు. ఆ ప్రచారం లేకపోతే 'కౌంటర్ గ్యారంటీ' అనే మాట సామాన్యుడి చెవిన పడేదే కాదు.

అసలు మలుపు తర్వాతే ఉంది. 1995 నవంబర్ మొదట్లో ఎన్రాన్ అధికారి రెబెకా మార్క్ ముంబైలో బాల్ ఠాక్రే ఇంటికెళ్ళి ఆయన్ని కలిశారు. వారం తిరక్కుండా మళ్ళీ చర్చలకి కొత్త కమిటీ పుట్టింది. ఆ కమిటీ పదకొండు రోజుల్లో నివేదిక ఇచ్చేసింది. 1996 జనవరిలో ప్రభుత్వం కొత్త ఒప్పందాన్ని ప్రకటించింది. రేటు తగ్గించామన్నారు. కానీ గమనించండి, ప్రాజెక్టు చిన్నది కాలేదు, పెరిగింది. మొత్తం 2,015 మెగావాట్లది కాస్తా 2,184 అయింది. పాత ఒప్పందంలో రెండో దశ బోర్డు ఇష్టం. కొత్తదాంట్లో అది కూడా తప్పనిసరి! సముద్రంలో కలిపేస్తామన్నది ఇంకా పెద్దదై ఒడ్డుకొచ్చింది. అదే ఏడాది మే నెలలో కేంద్రంలో 13 రోజుల వాజ్‌పేయి ప్రభుత్వం, రాజీనామాకి ముందు, దీనికి కౌంటర్ గ్యారంటీ కూడా ఆమోదించేసింది.

మరి మోసం, లంచం అన్న కేసు? ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. కార్మిక సంఘం సీఐటీయూ దీని మీద కోర్టుకెళ్తే, 1996 డిసెంబర్‌లో హైకోర్టు పిటిషన్ కొట్టేసింది. కానీ కొట్టేస్తూనే ప్రభుత్వానికి గట్టిగా చురక పెట్టింది. తాను చేసిన ఆరోపణల్ని తానే మర్చిపోయిందని ఎత్తిచూపింది. ఆరోపణ నిజమైతే ఎందుకు వదిలేశారు? అబద్ధమైతే ఎందుకు చేశారు? జనానికి ఈ రెండింటికీ జవాబు దొరకలేదు.

ఈలోగా ప్లాంటు చుట్టుపక్కల ఊళ్ళలో నిరసనలు చేసిన జనం మీద లాఠీలు, అరెస్టులు. హ్యూమన్ రైట్స్ వాచ్ 1999లో దీని మీద పెద్ద నివేదికే రాసింది. నాయకుల మాట నమ్మి రోడ్డెక్కినవాళ్ళు రోడ్డు మీదే మిగిలారు.

1999 మేలో మొదటి దశ మొదలైంది. ముడిచమురు ధరలు పెరిగాయి, నాఫ్తా మండింది, రూపాయి తగ్గింది. బోర్డు తక్కువ కరెంటు తీసుకునేకొద్దీ యూనిట్ మీద పడే భారం పెరిగింది. 2000లో ఒక దశలో యూనిట్ ధర 7 రూపాయలు దాటింది. బోర్డు చేతులెత్తేసింది. 2001 మే నెలాఖరుకి ప్లాంటు మూతపడింది. అదే డిసెంబర్ 2న అమెరికాలో ఎన్రాన్ దివాలా తీసింది, అది కూడా తప్పుడు లెక్కలు బయటపడి. 2005లో ఆ ప్లాంటుని ఎన్టీపీసీ, గెయిల్ లాంటి ప్రభుత్వ సంస్థలే నెత్తికెత్తుకున్నాయి. అంటే మళ్ళీ మన డబ్బే.

మరి మన ప్రశ్నకి జవాబు? ఎన్రాన్‌ని తిట్టడం తప్పు కాలేదు, కాలమే అది నిరూపించింది. తిట్టింది మైకులో, రాజీ పడింది గదిలో. తప్పంతా అక్కడ జరిగింది. నాలుగు నెలల ఆవేశం వల్ల కంపెనీకి నష్టమేమీ లేదు, ఇంకా మంచి బేరం దొరికింది. నష్టపోయింది కరెంటు బిల్లు కట్టేవాళ్ళు.

దీనికి రెండో వైపు కూడా చూడాలి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త ప్రభుత్వం పాత పవన, సౌర విద్యుత్ ఒప్పందాల రేట్లు ఎక్కువని సమీక్షకి కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకెళ్ళాయి. 2022 మార్చిలో కోర్టు, ఒప్పందంలో ఉన్న రేటే కట్టమని చెప్పింది. రేటు ఎక్కువా తక్కువా అన్న చర్చ ఒకటి, సంతకం చేసిన కాగితం ఇంకొకటి. విమర్శ ఎంత గట్టిదైనా కాగితాన్ని దాటిపోలేదు. అందుకే అడగాల్సిన సమయం సంతకానికి ముందు. అప్పుడు ఎవరూ అడగరు, అదే మన ఖర్మ!

కాబట్టి ఈసారి ఏ పార్టీ నాయకుడైనా ఒక కంపెనీని ఉతికి ఆరేస్తున్న క్లిప్ మీకు వస్తే, ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆయన ఒప్పంద పత్రం జనం ముందు పెట్టాడా? ఆధారం ఉంటే కోర్టుకి ఇచ్చాడా? అన్నిటికంటే ముఖ్యం, ఆరు నెలల తర్వాత అదే కంపెనీతో రాజీ పడితే, అదే మైకు పట్టుకుని ఎందుకు పడ్డాడో చెప్పాడా? మొదటి క్లిప్ అందరికీ గుర్తుంటుంది. రెండో క్లిప్ అసలు ఉందో లేదో వెతకండి. లేకపోతే, దాభోల్ గుర్తు తెచ్చుకోండి.

ఇంకో కథతో మళ్ళీ కలుద్దాం. ఉంటాను.