పదేళ్లకి సున్నా చుట్టారు

మా ఆఫీసులో ఏ పనైనా మొదలెట్టే ముందు ఒక మాట రాసుకుంటాం: ఇది ఎప్పుడు ‘అయిపోయినట్టు’? అక్కడ తేడా వస్తే ప్రాజెక్టు ఎలా మునుగుతుందో చూసినవాణ్ణి. గడువు ముంచుకొస్తుంది, టెస్టు పాసవదు. అప్పుడు ఎవరో ఒకరు కోడ్ వదిలేసి టెస్టునే మార్చేస్తారు. బ్రిటన్ ‘జీరో కార్బన్ ఇళ్ల’ విధానం చరిత్ర చదువుతున్నంతసేపూ నాకు ఇదే గుర్తొచ్చింది.

2006 డిసెంబరులో అప్పటి ఆర్థికమంత్రి గోర్డన్ బ్రౌన్ ఒక మాట ఇచ్చారు. పదేళ్లలో, అంటే 2016 నుంచి, కొత్తగా కట్టే ప్రతి ఇల్లూ జీరో కార్బన్ ఇల్లే. లెక్క సూటిగా ఉంది. గదుల వేడికీ వేణ్ణీళ్లకీ దీపాలకే కాదు, వంటకీ టీవీకీ ఫ్రిజ్‌కీ వాడే శక్తిని కూడా కలుపుకుని, ఏడాది చివర కూడికలూ తీసివేతలూ అయ్యాక కార్బన్ సున్నా రావాలి. దారిలో రెండు మెట్లు: 2006 నాటి ప్రమాణంతో పోలిస్తే 2010కి 25 శాతం తగ్గింపు, 2013కి 44 శాతం.

ఇది గాలిమేడ కాదు. దక్షిణ లండన్‌లో బెడ్‌జెడ్ అనే కాలనీ 2002కే లేచింది. మందమైన గోడలు, దక్షిణం వైపు అద్దాలు, కప్పుల మీద రంగురంగుల గాలి గొట్టాలు. చెక్కముక్కలతో కరెంటూ వేడీ తీసే యంత్రం కొన్నేళ్లకే మొరాయించింది గానీ, గోడలు మాత్రం తమ పని తాము చేశాయి.

తర్వాత 2008 మాంద్యం వచ్చింది, ఇళ్ల నిర్మాణం పడిపోయింది. 2009లో నిర్వచనం కాస్త సడలింది: గదుల వేడి, వేణ్ణీళ్లు, దీపాల లెక్కలో 70 శాతం ఆ స్థలంలోనే తగ్గించండి, మిగిలినదానికి బయట ఇంకెక్కడైనా కార్బన్ తగ్గించినా ఒప్పుకుంటాం అన్నారు. 2011 బడ్జెట్‌లో వంట, టీవీ, ఫ్రిజ్ లెక్కలోంచి పోయాయి. 2010 మెట్టు ఎక్కారు. 2013లో దాని మీద ఇంకో పాతిక శాతం ఎక్కాలి. ఎక్కింది 6 శాతం. 2014లో చిన్న స్థలాల్లో కట్టే ఇళ్లకి మినహాయింపు ఇస్తామన్నారు.

నిజం చెప్పాలంటే, మొదటి నిర్వచనంలో చిక్కు లేకపోలేదు. పది అంతస్తుల అపార్ట్‌మెంటు కప్పు మీద ఎన్ని సోలార్ పలకలు పడతాయి? కొనుక్కున్నాయన ఎంత పెద్ద టీవీ తెచ్చుకుంటాడో బిల్డర్‌కేం తెలుసు? ఒక్కో సవరణకీ ఒక్కో సబబు కారణం ఉంది. ఏ ఒక్కదాన్నీ మోసం అనలేం. అన్నీ కలిపి చూస్తేనే మొదట ఇచ్చిన మాటలో ఏం మిగిలిందో తెలుస్తుంది.

మిగిలింది కూడా నిలవలేదు. 2015 జూలైలో, గడువు ఇంకో ఏడాదిలో ఉందనగా, ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ ఉత్పాదకత ప్రణాళికలో మొత్తం విధానాన్నే పక్కన పెట్టేశారు. ఇళ్లు కట్టేవాళ్ల మీద నిబంధనల భారం తగ్గించాలట. అంటే, అందుకోగలిగేంత కిందికి దించిన సున్నాని కూడా అందుకోలేదు.

పోయిందేంటి? ఇల్లు ఫోన్ లాంటిది కాదు, రెండేళ్లకోసారి మార్చేయడానికి. ఆ తర్వాతి ఏళ్లలో కట్టిన ఇళ్లలో ఎక్కువ భాగం గ్యాస్ బాయిలర్లతోనే లేచాయి. ఇంగ్లండ్‌లో నిబంధనలు మళ్లీ గట్టిగా బిగిసింది 2022 జూన్‌లో, 31 శాతం తగ్గింపుతో. కట్టేటప్పుడే చేస్తే అయ్యే ఖర్చు కంటే, కట్టాక గోడలూ బాయిలర్లూ మార్చుకుంటే సుమారు ఐదు రెట్లు అవుతుందని బ్రిటన్ వాతావరణ మార్పుల కమిటీ 2019లో లెక్క చెప్పింది. నిబంధన తప్పినందుకు మిగిలిన డబ్బు కట్టినవాళ్లకి. ఈ ఐదు రెట్ల ఖర్చు మాత్రం అందులో కాపురముండేవాళ్లకి.

అదే 2019లో బ్రిటన్ ఇంకో చట్టం చేసింది: 2050కి దేశం మొత్తం ‘నెట్ జీరో’. మళ్లీ సున్నాయే. ఇప్పుడు ఏ ప్రభుత్వ ప్రకటనలో, ఏ అపార్ట్‌మెంటు బ్రోషర్‌లో ఆ అంకె కనిపించినా నేను దాన్ని మెచ్చుకునే ముందు ఒకటే వెతుకుతున్నాను: లెక్కలోంచి దేన్ని తీసేస్తే ఈ సున్నా వచ్చింది?